అరసవల్లికి రెండు ఫిడేలు పెట్టెలు

సూర్యనారాయణస్వామి గుడికి నాలుగడుగుల దూరంలో ఆ ఇల్లు. అరుగు మీద నల్లపెట్టె తెరిచి ఉంది. లోపల ఎర్రగా నిగనిగలాడుతున్న వయొలిన్. పదేళ్ల పాప బిరడా తిప్పుతోంది. తీగ బిగిసినట్టే బిగిసి, చెయ్యి తియ్యగానే గిర్రున వదులైపోతోంది.

"ఐదు వేలైందండి. శ్రుతే నిలబడ్డం లేదు. గుంట ఒకటే ఏడుపు," అన్నారు తాతగారు. ఫోన్లో బొమ్మ చూసి తెప్పించారట.

మర్నాడు పొద్దున్నే తాతా మనవరాలూ శ్రీకాకుళం కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కితే, వాళ్లతో పాటు నేనూ బయల్దేరాను.

ఈ ప్రాంతంలో ఫిడేలు అంటే ముందు గుర్తొచ్చేది విజయనగరమే. 1919లో అక్కడి మహారాజావారు పెట్టిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయిద్యం విని, ఏకంగా ఆచార్య పదవే ఇచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో నాయుడుగారే ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే.

కోట దగ్గర సందులో ఉంటారు మేం కలవబోయిన ఫిడేలు మాస్టారు. పెట్టె తెరిచి, వయొలిన్ని చెవి దగ్గర మెల్లగా ఊపారు. లోపల ఏదో దొర్లింది. "సౌండ్ పోస్ట్ పడిపోయిందమ్మా." పై చెక్కకీ కింది చెక్కకీ మధ్య జిగురు లేకుండా కేవలం ఒత్తిడితో నిలబడే చిన్న పుల్ల అది. అది లేకపోతే నాదం పలచబడిపోతుంది, పై చెక్క కుంగుతుంది. వంకర ఇనప కడ్డీకి పుల్ల గుచ్చి, పక్కనున్న సందులోంచి దూర్చి, టార్చి వెలుతురులో మూడోసారికి నిలబెట్టారు. తర్వాత బిరడాలు ఊడదీసి సబ్బు, సుద్ద రాశారు. కొత్త రోజిన్ బిళ్లని గరుకు కాగితంతో గీకి, కమానుకు పట్టించారు.

అప్పుడు పలికింది!

చౌక వయొలిన్లో చెక్క పనంతా యంత్రం చేసేస్తుంది. బిరడా కుదర్చడం, బ్రిడ్జి అరగదీయడం చేతిపని. ధర తగ్గించేది అక్కడే. అందుకే ఐదు వేలు చేతిలో ఉంటే మొత్తం వాయిద్యానికే పోసెయ్యకుండా, వెయ్యో పదిహేను వందలో ఈ సర్దుబాటుకి మిగుల్చుకోవడం మంచిది. మెరుపు చూసి మోసపోకూడదు. నల్లరంగు పూసిన ఫింగర్ బోర్డు నాలుగు నెలల్లో తెల్లబడుతుంది.

పాత ఇళ్లలో దొరికే ఫిడేళ్ల మాటా వచ్చింది. మాస్టారు తన వాయిద్యం లోపలి చీటీ చూపించారు: స్ట్రాడివేరియస్ పేరు! జర్మనీలో మార్క్‌నొయికిర్షెన్ చుట్టుపక్కల, వందేళ్ల కిందట, ఆ పేరుతోనే లెక్కలేనన్ని నకళ్లు చేశారు. "చీటీకి డబ్బివ్వకండి. బీటలు లేకపోతే చెక్కకివ్వండి," అన్నారు.

చివరికి పాప ఎడమ చెయ్యి చాపమన్నారు. వయొలిన్ మెడ దగ్గర ఆనిస్తే కొస అరచేతిని దాటి వేళ్ల బయటికి పోయింది. అది పద్నాలుగంగుళాల పూర్తి సైజు. పాపకి ముప్పావు సైజు కావాలి. ఈ సంగతి కొనేటప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

బీరువా మీంచి మాస్టారు ఇంకో పెట్టె దించారు. పెద్దదైపోయిన శిష్యురాలు వదిలిపెట్టిన ముప్పావు సైజు వయొలిన్. తాతగారు జేబు తడుముకుంటుంటే వారించారు. "రెండేళ్లు వాయించి తెచ్చిచ్చెయ్యండి. పెద్దదాని తీగలు మాత్రం పూర్తిగా వదులు చెయ్యకండి. మళ్లీ పుల్ల పడిపోద్ది."

తిరుగు బస్సులో పెద్ద పెట్టె తాతగారి కాళ్ల దగ్గర, చిన్నది పాప ఒళ్లో.