కళ్ళజోడు వచ్చేదాకా

జనవరి 19
నిన్న కుడికంటికి శుక్లం తీశారు. ఎడమది ఎలాగూ మసకే. చుక్కలు రోజుకి నాలుగుసార్లు. తలస్నానం వద్దు, వంగొద్దు, చదవొద్దు. కళ్ళజోడు నెలన్నర తర్వాతేనట. రాయొద్దని మాత్రం ఎవరూ అనలేదు. లైను మీద లైను పడుతోందేమో. పడనీ.

జనవరి 22
మా ఆవిడ చదివి పెడతానంది. తనకి పుస్తకమంటే యద్దనపూడే. రుచి మారుద్దామని ‘చివరకు మిగిలేది’ చేతిలో పెట్టాను. పది పేజీలకో నిట్టూర్పు. ఇవాళ పుస్తకం బోర్లా పెట్టి, “డాక్టరీ చదివాడుగా ఈ దయానిధి. రోగుల్ని చూసుకోక ఈ గింజుకోడం ఏవిటండీ?” అంది. నీకర్థం కాదులే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

బుచ్చిబాబుని నాలుగుసార్లు చదివా. ఆ రోగుల సంగతి నాకొక్కసారీ తట్టలేదే.

రాత్రి చాలాసేపు పెరట్లో బకెట్ చప్పుడు. ఈ వేళప్పుడు ఏం ఉతుకుతోంది?

జనవరి 26
మహాప్రస్థానం. పాల లెక్క చదివినట్టు చదివింది. ఆపమని నేనే అందుకున్నా, నోటికొచ్చు కదా అని. మధ్యలో ఒక పాదం జారిపోయింది. తడుముకుంటుంటే పుస్తకం చూసి అందించింది. అదే పాల లెక్క గొంతుతో.

చలం రాసిన యోగ్యతాపత్రం మాత్రం రెండుసార్లు చదివింది. రెండోసారి నాకోసం కాదు. “పద్యాల కన్నా ఇదే బావుందండీ.” శ్రీశ్రీ వింటే ఏమనేవాడో. చలం వింటే?

జనవరి 30
కొమ్మూరి. అట్ట ఎప్పుడో పోయింది, అద్దె లైబ్రరీ ముద్ర మాత్రం అలాగే ఉందట. తిరిగివ్వలేదన్నమాట, ఇన్నేళ్ళూ. యుగంధర్ ఇంకా ఆరా తీస్తుండగానే హంతకుడెవరో తేల్చేసింది ఈవిడ. చివరి రెండాకులు లేవు. ఆవిడ తీర్పే ఖాయం చేసుకున్నాం.

ఫిబ్రవరి 4
ఇక మీ పుస్తకాలు చాలు అంది. తన యద్దనపూడి ‘సెక్రటరీ’ మొదలుపెట్టింది. నలభై ఏళ్ళుగా వెక్కిరించాను, కార్లూ మేడలూ ఆరడుగుల మగాళ్ళూ అని. ఇప్పుడు కళ్ళు మూసుకుని వింటున్నా. గొంతే మారిపోయింది. జయంతికి ఒక గొంతు, రాజశేఖరానికి ఒక గొంతు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచింది వీటిని?

గొప్ప నవలేం కాదు. ఆ మాట మార్చుకోను.

ఫిబ్రవరి 5
పొద్దున్న చుక్కలేస్తుంటే, జయంతి చివరికి ఏం చేస్తుందని అడిగా. నవ్వింది. చుక్క బుగ్గ మీద పడింది.

ఫిబ్రవరి 14
‘కాలాతీత వ్యక్తులు’ అయిపోయింది. ఇందిర మీద పెద్ద పోట్లాట. స్వార్థపరురాలన్నాను. “సంపాదించేదీ అదే, తండ్రిని మోసేదీ అదే. పైగా మాట కూడా పడాలా?” అని లేచి వెళ్ళిపోయింది. కాఫీ ఆలస్యంగా వచ్చింది. చల్లారి వచ్చింది.

సాయంత్రం చెప్పాను, శ్రీదేవి డాక్టరనీ, ఈ ఒక్క నవలే రాసి 1961లో చిన్న వయసులోనే పోయిందనీ. చాలాసేపు ఏం మాట్లాడలేదు. పుస్తకాన్ని తన దిండు దగ్గర పెట్టుకుంది.

ఫిబ్రవరి 23
కాశీయాత్ర చరిత్ర. విసుక్కుంటుందనుకున్నా. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసునుంచి కదిలిన దగ్గర్నుంచీ ఒకటే చిట్టా. దారి ఇసుకా రాళ్ళా, నీళ్ళు మంచివా, అంగళ్ళున్నాయా. “నా ఖర్చుల పుస్తకంలా ఉంది” అని తెగ ముచ్చటపడింది. మన రాజమండ్రి ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోంది. తిరుగు దారిలో అన్నాను. అప్పటికింకా ధవళేశ్వరం ఆనకట్టే లేదు, కాటన్ దొర పని మొదలెట్టింది 1847లో. “మరి గోదారి ఎలా దాటాడో!” అంటూ పేజీ తిప్పింది.

ఫిబ్రవరి 27
ఇవాళ్టి మజిలీలో, వెంట వచ్చిన ఆడవాళ్ళకి కాళ్ళు వాచిపోయి, రాత్రిళ్ళు ఉప్పునీళ్ళలో పెట్టుకు కూర్చున్నారని చదివింది. ఎంత చిన్న సంగతి! అదీ వదల్లేదు మహానుభావుడు. అందుకే ఈ పుస్తకమంటే నాకు ప్రాణం.

మార్చి 6
జోడొచ్చింది. అక్షరాలు నల్లగా, గిల్లి పెట్టినట్టున్నాయి. ముందు ఈ డైరీయే వెనక్కి తిప్పా. జనవరి అంతా కోడి కెలికినట్టుంది.

కాశీయాత్ర తీశాను. ఆ కాళ్ళ సంగతి ఇంకోసారి చదువుకుందామని. హైదరాబాదు ముందు చూశా, తర్వాత చూశా. నాగపూరు దాకా వెళ్ళొచ్చా. లేదు. మళ్ళీ వెనక్కొచ్చా. ఉప్పునీళ్ళు ఎక్కడా లేవు.

‘సెక్రటరీ’ కూడా తిప్పి చూద్దామా అనిపించింది. చూడలేదు.

వంటింట్లో తిరగమోత వాసన. గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డా. అటు తిరిగి ఉంది. చీర అంచు కింద మడమలు. ఎప్పట్నుంచి వాచి ఉన్నాయవి?

రాత్రి నీళ్ళు నేనే కాచాను. ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగాల్సొచ్చింది. “జోడొచ్చిందిగా, ఇక మీరే చదువుకోండి” అంది, కాళ్ళు బకెట్లో పెట్టుకుంటూ. ఇంకా అలవాటు కాలేదన్నాను. నాగపూరు దగ్గర్నుంచి అందుకుంది.