నిలకడ నేర్చిన పైపు

కంట్రోల్‌లైన్ స్టంట్ విమానాన్ని ఎగరేసే మనిషి చేతిలో ఉండేది ఒక్క పిడి. దాని నుంచి రెండు సన్నని ఉక్కు తీగలు డెబ్బై అడుగుల దాకా సాగి, విమానం రెక్కలో దాగిన బెల్‌క్రాంకు అనే మీటకు చేరతాయి. మణికట్టు ఇటు వంచితే ముక్కు పైకి, అటు వంచితే కిందికి. అంతకుమించి ఏమీ లేదు. సంప్రదాయ స్టంట్‌లో వేగం పెంచే మీట గానీ తగ్గించే మీట గానీ ఉండదు. నేల మీద ఉండగా ఇంధనం పాలు తేల్చే నీడిల్ వాల్వును ఎంతవరకు తిప్పి వదిలారో, ట్యాంకులో ఇంధనం అయిపోయేదాకా ఇంజన్‌కు అదే ఆఖరి మాట. ఆ విమానం ఏడు నిమిషాల గడువులో గుండ్రటి లూపులు, చదరపు లూపులు, త్రిభుజాలు, తలకిందుల చుట్లు, నెత్తి మీద ఎనిమిది అంకె ఆకారాలు, చివరికి నాలుగు రేకుల క్లోవర్ గీసి దిగాలి. నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు నీరసించకూడదు. దిగేటప్పుడు పరుగందుకోకూడదు. ఈ ఆటలో నన్ను కట్టిపడేసేది విన్యాసాలకన్నా ఈ చిక్కే.

విమానం బరువు సాధారణంగా రెండు కిలోల లోపు, రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి అయిదడుగుల చుట్టుపక్కల. ఒక చుట్టుకు అయిదు సెకన్ల పైచిలుకు పడుతుంది. అంటే గంటకు తొంభై కిలోమీటర్ల లెక్క. ఆ వేగానికి తీగలు అయిదారు కిలోల బరువుతో చేతిని లాగుతుంటాయి. ఆ లాగుడు ఉన్నంతసేపే విమానం మాట వింటుంది. నెత్తి మీదికి వచ్చాక వేగం పడిపోతే తీగలు వదులవుతాయి, ఇక చెయ్యి ఏం చెప్పినా అవతలికి అందదు. గాలి ఉన్న రోజు దీనికి తిరగబడిన కష్టం: వరసగా లూపులు వేస్తుంటే ఒక్కోదానికీ వేగం కూడుకుంటూ పోయి, మలుపు తిప్పడానికి చేతికి వ్యవధే మిగలదు.

పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్ వాకర్ 1940 ప్రాంతంలో ఫైర్‌బాల్ విమానంతో ఈ తీగల ఆటను అమెరికాలో ఇంటింటికీ చేర్చాడు. ఆ తర్వాత చాలాకాలం పాటు ఈ చిక్కుకు జవాబు ఇంధనంలోనే దొరికింది. డ్యూక్ ఫాక్స్ చేసిన ఫాక్స్ 35 ఇంజన్, జార్జ్ ఆల్డ్రిచ్ గీసిన నోబ్లర్ విమానం 1950లలో ఒక తరానికంతా కొలబద్దలు. ఫాక్స్ టూ-స్ట్రోక్ ఇంజన్. పిస్టన్ పైకొచ్చిన ప్రతిసారీ లోపల మండాలి. అయితే ఇంధనం కాస్త ఎక్కువ పడేలా నీడిల్ తెరిచి ఉంచితే ఒక విడత మండుతుంది, ఒక విడత తప్పుతుంది. సమంగా ఎగిరేటప్పుడు అలా గొణుగుతూ సాగుతుంది. ముక్కు పైకి లేచి భారం పడగానే మిశ్రమం పలచబడి, ప్రతి విడతా మండడం మొదలవుతుంది. ఆర్‌ఎక్స్ 100 బైకు నడిచిన వీధిలో పెరిగిన మనవాళ్లకు ఆ రెండో గొంతు పరిచయమే. విన్యాసం ముగిసి సమతలానికి రాగానే మళ్లీ పాత గొణుగుడు. ఈ రాకపోకలనే ఆటగాళ్లు ఫోర్-టూ-ఫోర్ అంటారు. మీట లేని ఇంజన్ తనంతట తానే కొండ ఎక్కుతున్నానని తెలుసుకుని శక్తి పెంచుకోవడం! దాన్ని కనిపెట్టి వాడుకున్నవాళ్ల చెవులకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ ఇంధనంలో మనదీ ఒకటి ఉంది: ఆముదం. మిథనాల్, కొద్దిగా నైట్రోమీథేన్, నాలుగో వంతుకు పైగా ఆముదం. పాత ఫాక్స్ ఇంజన్లకు అదీ పాళం. ఆముదం మిథనాల్‌లో చక్కగా కలిసిపోతుంది, మామూలు ఖనిజ నూనెలు కలవవు. మిగతా నూనెలు చేతులెత్తేసే వేడిలోనూ అది లోహాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి రోటరీ ఇంజన్లు కూడా దీనితోనే తిరిగాయి. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండేది మన దేశంలోనే. గుజరాత్‌ది పెద్ద వాటా అయినా మహబూబ్‌నగర్, నల్లగొండ ఎర్రనేలల్లో వానమీదే బతికే రైతుకు అది పాత తోడు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ దాని మీద పనిచేస్తూనే ఉంది. మన చేలల్లో ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోని ఆ మొక్క నూనె, ఎక్కడో ఇండియానా రాష్ట్రంలోని మన్సీ మైదానంలో జాతీయ పోటీలు జరిగేటప్పుడు నీలిపొగై తేలుతుందంటే నాకు సంతోషంగా ఉంటుంది.

ఫోర్-టూ-ఫోర్‌కూ హద్దుంది. గొంతు ఎప్పుడు మారాలో ఇంజన్ నిర్ణయించుకునే క్షణం ఎండను బట్టి, తేమను బట్టి, ట్యాంకు ఒక వెంట్రుకవాసి ఎత్తో పల్లమో ఉండడాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. విమానాలు బరువెక్కాయి, గాలిలోనూ పోటీలు ఆగవు. అప్పుడు వచ్చింది పైపు. అది మోటార్‌సైకిల్ పందేల నుంచి వచ్చింది.

తూర్పు జర్మనీలోని చోపావ్‌లో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో టూ-స్ట్రోక్ ఇంజన్ పొగగొట్టాన్ని శాస్త్రంగా మార్చాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజన్ లీటరుకు 200 హార్స్‌పవర్ లెక్కన శక్తినిచ్చింది. ఆ ఏడే ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం నుంచి పారిపోయి, ఆ రహస్యాలతో సుజుకిలో చేరాడు. మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకిది. కాడెన్ మాత్రం తూర్పు జర్మనీలోనే ఉండిపోయాడు. ఆయన పేరు ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

రెండు గరాటులను మూతి మూతి కలిపి అతికించినట్టుంటుంది ఆ పైపు. సిలిండరు పక్క రంధ్రం తెరుచుకోగానే వేడి పొగతో పాటు ఒక ఒత్తిడి అల బయల్దేరుతుంది. పైపు వెడల్పయ్యే చోట అందులో కొంత తిరగబడి, పీల్చే అలగా వెనక్కొచ్చి సిలిండరులో మిగిలిన పాత పొగను లాగేస్తుంది. ఆ ఊపుకు కొత్త మిశ్రమం కూడా కొంత బయటికి జారుతుంది. ఈలోగా మిగతా అల పైపు సన్నబడే చోట తగిలి, నెట్టే అలగా తిరిగొస్తుంది. రంధ్రం మూసుకునేలోపు చేరితే జారిన మిశ్రమాన్ని మళ్లీ లోపలికి తోస్తుంది. నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగే ఇంజన్‌లో ఆ రంధ్రం తెరిచి ఉండేది సెకనులో దాదాపు నాలుగు వందలవ వంతు. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఆ ఖాళీకి ఉన్న పొడవూ ఆకారమే మొత్తం పని చేస్తాయి.

పందెగాళ్లు దీన్ని శక్తి కోసమే వాడారు. స్టంట్ వాళ్లు దీన్నే తెచ్చి వేగాన్ని అదుపులో పెట్టడానికి వాడుకున్నారు, నాకు అపురూపంగా తోచేది అదే. ఇంజన్ చుట్లు పెరగబోతే అల ఆలస్యంగా చేరుతుంది, సాయం సన్నగిల్లుతుంది. భారం పడి తగ్గబోతే అల మళ్లీ వేళకు అందుకుంటుంది, శక్తి పుంజుకుంటుంది. దీనికి జోడీగా ఒక చుట్టుకు కొద్ది దూరమే ముందుకు కోసుకుపోయే, పిచ్ తక్కువ ప్రొపెల్లర్ తగిలించారు. ఇంజన్ చుట్లు పెరగనివ్వదు గనక, విమానం కిందికి దూకబోతే ఆ ప్రొపెల్లరే బ్రేకు వేస్తుంది. 1978లో ప్రపంచ ఛాంపియన్ అయిన బాబ్ హంట్ లాంటివాళ్లు 1980లలో ఈ దారి తొక్కారు. 1992లో పాల్ వాకర్ ఇంపాక్ట్ విమానంతో ప్రపంచ టైటిల్ గెలిచే నాటికి, ఒసాకాలో తయారైన ఓఎస్ 40 ఇంజన్, పొట్ట కింద పొడుగాటి పైపు పెద్ద పోటీల్లో అలవాటైన దృశ్యమయ్యాయి.

ఈ పైపుకు ఇంత పొడవని ఎవరూ కాగితం మీద ఖాయం చేయలేరు. అడుగున్నర చుట్టుపక్కల మొదలుపెట్టి, ఇంజన్‌ను పైపుకు కలిపే హెడర్ గొట్టాన్ని ఎనిమిదో వంతు అంగుళం కోస్తూనో, సిలికాన్ గొట్టంలో పైపును జరుపుతూనో వెతుక్కోవాలి. పొట్టి చేస్తే చుట్లు పెరుగుతాయి. నీడిల్ తెరిస్తే పొగ చల్లబడుతుంది, చల్లని పొగలో అల నెమ్మదిగా నడుస్తుంది, దాంతో పైపు పొడవు పెరిగినట్టే లెక్క. ఒకదాన్ని కదిపితే మూడు కదులుతాయి. చక్కటి జత కుదిరిన విమానాన్ని చెవితోనే గుర్తుపట్టవచ్చు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దాదాపు ఒకే శ్రుతి వినిపిస్తుంది.

ఇప్పుడు ప్రపంచ పోటీల్లో పైచేయి ఎలక్ట్రిక్ మోటార్లది. ఒక చిప్ చుట్లను కొలిచి, ఎంత కరెంటు పంపాలో తేలుస్తుంది. నూనె మరక లేదు, నీడిల్ వెతుకులాట లేదు. అందులో నాకు ఫిర్యాదేమీ లేదు, విమానాలు అద్భుతంగా ఎగురుతున్నాయి. అయినా కొలిచే సాధనమే లేకుండా, నిర్ణయించే మెదడే లేకుండా, ఒక అల వేళకు చేరడం చేరకపోవడం మీదే ఇంజన్‌ను నిలబెట్టిన పైపే నా లెక్కలో పెద్ద కల్పన. అందుకే ఇప్పటికీ కొందరు కార్బన్ ఫైబర్ పైపులు బిగించుకుని, ఆముదం కలిపిన ఇంధనం డబ్బాలు మోసుకుని మైదానానికి వస్తున్నారు. వాళ్లు వచ్చినంతకాలం హెడర్‌లో ఎంత కోయాలన్న వాదన కూడా సాగుతూనే ఉంటుంది.