అసల్ లాంటి నఖల్

ధర్మపురి, కోరుట్ల దిక్కు మన పిల్లలది ఈ మధ్య ఒకటే సవాల్: ఐఎస్‌వో ఫైల్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌ల పేస్ట్ చేసినా లాప్‌టాప్ ఎందుకు లేస్తలేదు? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఖతం. పాత లాప్‌టాప్‌లు చానావాటిని విండోస్ 11 ఖబూల్ చేయదు. బీడీలు చుట్టి కొనిచ్చిన లాప్‌టాప్‌ను మూలకు పడేసే తాఖత్ ఏ అమ్మీకుంటది? గందుకే ముఫ్త్‌గా దొరికే ఉబుంటు దిక్కు చూస్తున్నరు.

ఐఎస్‌వో చూడ్డానికి ఒక్క ఫైలే. అసల్‌కు అది పూరా డిస్కుకు నఖల్. సీడీల మీద ఫైళ్లను ఎట్ల పేర్చాలన్న ఐఎస్‌వో 9660 ప్రమాణం 1988లొచ్చింది, పేరు అక్కడిదే. ఫైళ్లు, వాటి తర్‌తీబ్, కంప్యూటర్‌ను నిద్రలేపే చిన్న ప్రోగ్రాం, అన్నీ అందులనే. పేస్ట్ చేస్తే అదంతా తాళమేసిన సందూక్‌ల సామాన్ లెక్క లోపల్నే ఉంటది. రూఫస్, ఎచర్ లాంటి టూల్‌తోటి రాస్తే పెన్‌డ్రైవే ఆ డిస్కు అయితది.

ఇప్పటి ఉబుంటు ఐఎస్‌వో 5 జీబీకి పైనే. ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుతుంటే నడిమిట్ల ఖరాబ్ కావచ్చు. గందుకే ఉబుంటు వాళ్లు 64 అక్షరాల చెక్‌సమ్ ఇస్తరు. మన ఫైల్‌ది లెక్కగట్టి కలిపి చూసుకోవాలె. మద్రసాలో సబక్ వినిపిస్తుంటే ఒక్క జబర్ జేర్ అయినా హాఫిజ్ సాబ్ ఆపుతడు కదా, గట్లనే. కాకపోతే హాఫిజ్ సాబ్ ఎక్కడ తప్పిందో చెప్తడు. చెక్‌సమ్ చెప్పదు, మళ్లీ మొత్తం దించుకోవాల్సిందే.

మా భాంజాకు ఫోన్‌ల ఇదంతా సమ్‌జాయించి, "రాసే ముందు చెప్పు బేటా, ఆ పెన్‌డ్రైవ్‌ల ఏమున్నయ్?" అన్న.

"నానా అజాన్ ఉంది మామూ."

మర్హూమ్ అబ్బా ఫజ్ర్ అజాన్ అది. ఆపా ఎప్పుడో రికార్డు చేసింది. ఇంకెక్కడా లేదు. ఐఎస్‌వో రాస్తే పెన్‌డ్రైవ్‌ల పాతదంతా పోతది. లాప్‌టాప్‌లకు మార్చినా భరోసా లేదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు మొత్తం చెరిపే ఆప్షన్ నొక్కితే అదీ సాఫ్. ముందు ఆపా ఫోన్‌లకు, తర్వాత నాకు పంపించిన్రు. రెండు తావులా తెరిచి, ఆఖరుదాకా విన్నంకనే "ఇగ రాయి" అన్న.

ఇంకో సంగతి. పెన్‌డ్రైవ్‌తో లేచినంక వెంటనే ఇన్‌స్టాల్ చేయొద్దు. 'ట్రై ఉబుంటు' అని వస్తది. అది నొక్కితే లోపలి డిస్కును ముట్టకుండనే నడుస్తది. వైఫై పట్టుకుంటుందా, ఉర్దూ కుడి నుంచి ఎడమకు సరిగ్గ కనబడుతుందా, తెలుగు టైప్ అయితుందా, రెండ్రోజులు చూసుకోండ్రి.