బెజ్జం ముందు

మా ఇంట్లో ఆడుకోడానికి బొమ్మ ఒక్కటీ ఉండేది కాదు. చక్రాలు మాత్రం బుట్టల్తో ఉండేవి.

మాది విశాఖ జిల్లాలో, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, వరాహ నదికి దగ్గర్లో ఒక మాలపేట. ఏటికొప్పాక లక్కబొమ్మలంటే అందరికీ తెలుసు. ఆ బండ్ల కింద, ఏనుగుల కింద, రథాల కింద తిరిగే చక్రాలు కొన్ని మా పంచలోంచి పోయేవని ఎవరికీ తెలీదు. బొమ్మలు చేయించి అమ్మే ఒకాయన మా అయ్యకి చక్రాల పనే ఇచ్చేవాడు. దేవుళ్ళ బొమ్మలు మా చేతికి రానిచ్చేవాడు కాదు. "మీకు చక్రాలు చాల్లేరా" అనేవాడు. వయసులో అయ్య కంటే చిన్నోడు.

అంకుడు కర్ర మెత్తన. చెక్కితే వెన్నలా వస్తుంది. కానీ పచ్చిది పని చేస్తే ఆరాక పగుల్తుంది, బెజ్జం కోలగా సాగుతుంది. అందుకని కొమ్మలు నీడన ఆరబెట్టి, బెరడు తీసి, బెత్తెడు ముక్కలు కోసేది అమ్మ. ముక్కకి ఎనిమిది చక్రాలు. ఒక్కో చక్రం విడిగా చేస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వస్తుంది, బండి కుంటుతుంది. అందుకే ఎనిమిదీ ఒకే ముక్కలో పుట్టాలి.

అయ్య ముందు గుండ్రం చెయ్యడు. ముందు బరమాతో ముక్క నడిమధ్య ఈ కొస నుంచి సగం, ఆ కొస నుంచి సగం బెజ్జం వేస్తాడు. తర్వాత దాన్ని ఇనుప చువ్వకి బిగువుగా ఎక్కించి తరిణి మీద పెడతాడు. "గుండ్రం సేసి బెజ్జం ఏత్తే బెజ్జం పక్కకి పోతాది. బెజ్జం ఏసి గుండ్రం సేత్తే గుండ్రమే బెజ్జం సుట్టూ వత్తాది" అనేవాడు. నాకు గుర్తున్న మొదటి పాఠం ఇది. బళ్ళో నేర్చింది కాదు.

మా తరిణికి కరెంటు లేదు. తాడు చుట్టి నేను ఇటూ అటూ లాగాలి. కర్ర తన వైపు తిరిగినప్పుడే అయ్య ఉలి ఆనిస్తాడు, వెనక్కి తిరిగేటప్పుడు తీసేస్తాడు. నేను నిద్రమత్తులో జోగితే ఉలి ఎగిరేది. "ఓలే, సమంగా లాగే. నువ్వు ఊగితే సెక్రం ఊగుతాది." నునుపయ్యాక ఎనిమిదికీ గీతలు పెట్టి, తిరిగే కర్రకి లక్క కడ్డీ ఒత్తేవాడు. ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుస్తుంది. ఆఖర్న సన్న ఉలితో గీత మీద కోస్తే చక్రాలు ఒక్కోటీ విడిపోయేవి. అయ్య సన్న ఉలికి ఒకచోట చిన్న పిచ్చు ఉండేది. కోసిన మొహం మీద వెంట్రుక వాసి గీత పడేది. అదే మా గుర్తు. ఎవరూ పోల్చలేరు, మేం తప్ప.

కూలి వందకింతని లెక్క. చెక్కు లేచినవాటిని ఆయన లెక్కలోంచి తీసేసేవాడు. వాటిని తిరిగి ఇచ్చేవాడు మాత్రం కాదు.

1986 సంక్రాంతి. నేను ఆరో తరగతి. ఆ ముందటేడు జూలైలోనే కారంచేడు జరిగింది. పెద్దోళ్ళు రచ్చబండ దగ్గర గొంతు తగ్గించి ఆ ఊరి పేరు అనుకోడం విన్నాను. నా క్లాసు పిల్ల ఒకర్తి వాళ్ళింట్లో బొమ్మల కొలువు పెట్టారు, చూద్దువు గాని రమ్మంది. వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆగమన్నారు. లోపల మెట్ల మీద దేవుళ్ళు, పక్షులు, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. రెండో మెట్టు మీద ఎర్రటి లక్క రథం. ఆ పిల్ల తమ్ముడు దాన్ని నేల మీద దొర్లించాడు. అది తిన్నగా వచ్చి గడప దగ్గర ఆగింది. వంగి తిప్పి చూశాను. వెంట్రుక గీత.

"ఈ చక్రాలు మా అయ్య చేసినయ్యే!" అని అరిచాను. సంతోషంతోనే అరిచాను.

ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. నన్ను తిట్టలేదు. రథాన్ని కర్రతో పక్కకి నెట్టి, పసుపునీళ్ళు తెచ్చి దాని మీద పోసింది. నేను చూస్తూ నిలబడ్డాను. లక్క కాబట్టి నీళ్ళు జారిపోయాయి. రథం మళ్ళీ మెట్టెక్కింది. నేను పేటకొచ్చేశాను.

ఊరి గుడి రథం ఏనాడూ మా పేటలోకి రాలేదు. బొమ్మ రథం చక్రాలు మాత్రం మా పేటలోనే పుట్టి వాళ్ళ దేవుడి కింద తిరుగుతున్నాయి. పుట్టించిన చెయ్యి అంటితే అంటు.

రాత్రి అయ్యకి చెప్పాను. చాలాసేపు ఉలి నూరుకుంటూ కూచున్నాడు. తర్వాత ఒకటే అడిగాడు: "బండి తిన్నగా ఎల్లిందేటే?"

"ఎల్లింది" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

ఆ మాటకి నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. హాస్టల్లో చదివేటప్పుడు, అంబేడ్కర్ని చదివాక ఇంకా పెరిగింది. అంత అవమానం జరిగితే చక్రం గురించి అడుగుతాడేంటి అని. తిరగబడలేని మనిషి అనుకున్నాను. ఇప్పుడలా అనుకోను. వాళ్ళు పోసిన నీళ్ళు కాకుండా, తన చేతిపని ఎలా ఉందో దాన్నిబట్టి తన విలువ తాను కట్టుకున్నాడు. అది చాలదని నాకు తెలుసు. చాలదు కాబట్టే నేను ఉద్యమంలోకొచ్చాను. కానీ అది లేకపోతే నేను వచ్చేదాన్నే కాదు.

2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఆ బొమ్మలే ఊరేగాయి. టీవీలో చూశాను. గర్వంగానే ఉంది. అయితే నా కళ్ళు శకటం కిందనే వెతికాయి. అలంకారం చాటున చక్రాలు కనబళ్ళేదు. అయ్య అప్పటికే లేడు.

చదువుకునే పిల్లలు నన్ను అడుగుతుంటారు, మన కథ ఎక్కణ్ణించి రాయాలని. మనల్ని బయట నిలబెట్టిన ఆ గడప దగ్గర్నించే రాయండి అంటాను. అదే మన నడిమధ్య. ముందు బెజ్జం అక్కడ వెయ్యండి. గుండ్రం తర్వాత వస్తుంది.