వాన అడిగాము, చెట్టు నరికాము



2015లో మా పిట్లం వైపు వానలు లేవు. బోర్లు ఎండిపోయాయి. మంజీరా ఇసుకపర్రగా మిగిలింది. సంఘమంతా ఉపవాసముండి వాన కొరకు ప్రార్థించాము. ఒక అవ్వ, "అయ్యగారూ, మన ప్రార్థన దేవునికి ఇనబడలేదా?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

మరుసటి ఏడు జూలైలో సేవకుల కూడిక నిమిత్తము మంగళూరు వెళ్ళాను. కూడిక ముగిసిన తరువాత కొందరము కలిసి సముద్రము ప్రక్క దారిన ఉడుపికి, అక్కడి నుండి ఘాటు రోడ్డు ఎక్కి ఆగుంబెకు వెళ్ళాము. దారి పొడవునా వానే. ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. మా వైపు 1,000 కురిస్తే మంచి ఏడు. సముద్రము మీది మబ్బులు ఆ కొండలను తాకి అక్కడే కుమ్మరిస్తాయి. దాటి మన వైపు వచ్చేసరికి తేలికైపోతాయి. "ప్రభువా, ఇక్కడ ఇంత కురిపిస్తూ మాకు చుక్క ఇయ్యవా?" అని నా మనస్సు సణిగింది.

గొడుగులు పట్టుకొని అడవి బాటన నడిచాము. కాళ్ళకు పట్టిన జలగలను ఉప్పు రాసి వదిలించుకున్నాము. రోడ్డు మీద చెంపలు వాయించిన వాన చెట్ల క్రింద మెత్తగా దిగుతోంది. పై ఆకుల మీద పడి, క్రింది ఆకుల మీదికి జారి, కుళ్ళిన ఆకుల పరుపులోనికి ఇంకుతోంది. అక్కడి వాగు తేటగా ఉంది. కొండను తొలిచి రోడ్డు వేసిన చోట మాత్రము ఎర్రని బురద పారుతోంది.

ఆ బురద చూడగానే మా గుడి ఆవరణలోని చింతచెట్టు జ్ఞాపకమొచ్చింది. ప్రహరీ గోడకు అడ్డమని దానిని కొట్టించింది నేనే. అవ్వ వద్దన్నది, నేను వినలేదు. వాన కొరకు మోకరించింది ఆ మోడు ప్రక్కనే! ఇంటికి వచ్చి సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

2016 సెప్టెంబరులో దేవుడు వాననిచ్చాడు. నిజాంసాగర్ నిండింది. గుడి ఆవరణలో పడిన నీరు మాత్రము నిలువక, మట్టిని కోసుకొని రోడ్డెక్కింది. ఆ ఆదివారము సంఘము ఎదుట నా తప్పు ఒప్పుకున్నాను. చెట్లు పెంచితే అడిగినప్పుడల్లా వాన వస్తుందని నేను చెప్పను. వచ్చిన దానిని నిలుపుకొనే నేలను సిద్ధపరచుట మన వంతు. ఆదికాండము 2:15లో దేవుడు నరునికి అప్పగించిన పనిలో తోటను కాపాడుట కూడా ఉన్నది.

ఆ వారమే చింత, వేప, కానుగ మొక్కలు నాటాము. మొదటి బిందె నీళ్ళు అవ్వే పోసింది. ఇప్పుడు వాటి నీడన సండేస్కూలు పిల్లలు కూర్చుంటున్నారు.

ప్రియులారా, వాన కొరకు చేతులెత్తే ముందు, ఆ చేతులలో గొడ్డలి ఉన్నదేమో చూచుకొందము.