దేవుడు మగవాడా, ఆడమనిషా?

పోయిన నెల నేను పొడుపు కథలు రాసినాను. ఈ నెల ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఆ తప్పు వేరే ఎవరిదో కాదు, నాదే.

పోయిన సోమవారం రాత్రి అన్నానికి ముందు ప్రార్థనలో ఏమి జరిగిందో మీకు తెలుసు. మూడో తరగతి పాప ఒకతి వెంకటేశ్వరస్వామి పటం ముందర చేతులు జోడించి, "అమ్మా, మా చెల్లికి జొరం తగ్గించమ్మా" అని గట్టిగా అనింది. అందరం నవ్వినాము. "స్వామిని పట్టుకొని అమ్మా అంటాదే" అని ఎవరో అన్నారు. నేనూ నవ్వినాను. అందరికంటే ముందు నేనే నవ్వినానేమో కూడా. పాప చేతులు దించేసింది.

అప్పటినుంచి ఆ పాప ప్రార్థనకు వస్తుంది, వరసలో నిలబడుతుంది, నోరు మాత్రం తెరవదు. మొన్న కంచం పట్టుకొని ఆమె పక్కన కూర్చున్నాను. "ఎందుకు పలకవు?" అని అడిగినాను. "ఎట్ల పిలవాల్నో నాకు తెలీదక్కా. తప్పు పిలిస్తే దేవుడు ఇనడంట గదా" అనింది. నాకు అన్నం మింగుడు పడలేదు. ఇంటి దగ్గర చెల్లికి జ్వరం. ఇక్కడ ఈ పాప దేవుణ్ణి అడగడానికే భయపడుతోంది. ఆ భయం పెట్టింది మేమే.

అందుకని దేవుడు మగవాడా, ఆడమనిషా అని నాకు తెలిసినవాళ్ళను అందరినీ అడిగినాను. వాళ్ళు చెప్పినది, నాకు తోచినది రాస్తున్నాను.

మొదట తెలుగు సారును అడిగినాను. సారు అర్ధనారీశ్వరుని గురించి చెప్పినారు. దేవునిలో సగం ఆడ, సగం మగ అన్నారు. మనం విహారయాత్రకు పోయినప్పుడు బనగానపల్లె దగ్గర యాగంటి చూసినాము కదా. అక్కడ గుడిలో ఉమాదేవి, మహేశ్వరుడు ఒకే రాతిలో ఉన్నారు. ఆ జవాబు బాగానే ఉంది, కానీ నాకు తృప్తి కాలేదు. వేటలో దొరికినదాన్ని కుప్పలు పోసి పంచినట్టు, దేవుణ్ణి సగం సగం పంచితే ఎట్లా? పాప పిలిచినప్పుడు ఏ సగం వినాల?

సారు ఇంకొక సంగతి కూడా చెప్పినారు. చిన్నయసూరి గారు 1858లో బాలవ్యాకరణం రాసినారు. దాంట్లో మగవారిని తెలిపే మాటలకు మహత్తులు అని పేరు. మహత్తు అంటే గొప్పది. తక్కినవి అమహత్తులు. అందుకే "రాముడు వచ్చాడు" అంటాము. "సీత వచ్చింది" అంటాము, "మేక వచ్చింది" అని కూడా అంటాము. సీతకూ మేకకూ ఒకటే క్రియ. ఇది విని నాకు మొదట కోపం వచ్చింది. తరువాత ఆలోచించినాను. వాన వచ్చింది. వెన్నెల వచ్చింది. ఏట్లోకి నీళ్ళు వచ్చినాయి. తేనె వచ్చింది. మనం దేనివల్ల బతుకుతున్నామో అదంతా అమ్మ వరసలోనే ఉంది, "వచ్చాడు" వరసలో లేదు. మరి ఎవరు గొప్ప?

ఇంకా చూడండి. బహువచనంలో ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసిపోతారు. అమ్మలు వచ్చారు, నాయనలు వచ్చారు. స్వామివారు, అమ్మవారు అంటాము. ఇద్దరికీ "వారు" ఉంది. అంటే మర్యాద ఇచ్చి పిలిస్తే ఆడామగా తేడా మన భాషలోనే పోతుంది. చిన్నపిల్లలకు పటం చూపించి "జేజికి దండం పెట్టుకో" అంటాము. ఆ మాటలో మగ లేదు, ఆడ లేదు. కడప వైపునుంచి వచ్చిన పిల్లలు నాయన అమ్మను కూడా జేజి అనే పిలుస్తారు. దేవునికీ ముసలమ్మకూ ఒకటే పేరు. దీనికి మాత్రం మనం ఎప్పుడూ నవ్వలేదు.

తరువాత మన హాస్టలులో అడిగినాను. నా పక్క మంచం స్నేహితురాలు సుగాలి పిల్ల. వాళ్ళు సేవాలాల్ మహారాజును కొలుస్తారు. ఆయన 1739లో అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పుట్టినాడని, ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 15న జయంతి చేస్తారని చెప్పింది. సేవాలాల్ మగవాడే. కానీ ఆయన మొక్కింది మేరామా యాడికి. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. యేసు ప్రార్థన చేసే అక్కను అడిగితే, "మేము తండ్రి అంటాము, కానీ తల్లి ఓదార్చినట్టు ఓదారుస్తానని దేవుడు చెప్పిన మాట బైబిలులో యెషయా గ్రంథంలో ఉంది" అనింది. వంట చేసే ముస్లిం అక్క, "అల్లాకు ఆడ రూపం లేదు, మగ రూపం లేదు. నువ్వు గిన్నెలు కడుగు" అనింది.

ఆదివారం నన్ను చూసేదానికి మా అవ్వ గూడెం నుంచి వచ్చింది. ఆమెనూ అడిగినాను. మాది నల్లమల. మేము చెంచోళ్ళము. అవ్వ చెప్పిన మాట ఇది. "అడివిలో అడుగు పెడితే గారెల మైసమ్మను తలుచుకుంటాము. వేట దొరికితే ఆ తల్లికి ఇంత తీసి పెడతాము. ఉరుములు, వాన, చావు బతుకులు భగవంతరు చూసుకుంటాడు, ఆయన పైన ఉంటాడు. ఇద్దరిలో ఎవరు పెద్ద అని మేము యానాడూ అడగలా." ఈ మాట సారుతో చెబితే ఆశ్చర్యపోయినారు. హైమెన్‌డార్ఫ్ అనే ఆయన 1940లో కృష్ణకు అవతల అమ్రాబాద్ చెంచుల దగ్గర ఉండి, 1943లో వాళ్ళ మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించినాడంట. అందులో కూడా ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయంట. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. పుస్తకంలో ఉన్నది ఆమె నోట ఉంది.

అవ్వ ఇంకొకటి చెప్పింది. శ్రీశైలం మల్లన్న మాకు చెంచు మల్లయ్య. వేటకు వచ్చి మా పిల్లను చేసుకున్నాడు. అందుకని మాకు అల్లుడు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు. ఆయన కూడా అల్లుడే. సంక్రాంతి పోయినాక పారువేట మొదలవుతుంది. పల్లకి బయలుదేరేటప్పుడు చెంచులు విల్లు ఎక్కుపెట్టి బాణం వేస్తారు. బావ అంటే ఆమాత్రం ఉండాల కదా! స్వామి నలభై రోజులకు పైగా ఊరూరూ తిరిగి తన పెండ్లికి రమ్మని జనాన్ని తానే పిలుస్తాడు. మనం దేవుణ్ణి పిలవడం కాదు, దేవుడే వచ్చి మనలను పిలవడం.

కడపలోనూ ఇట్లాంటిదే ఉంది. దేవుని కడప గుడికి ఉగాది నాడు ముస్లిములు వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపిల్ల కాబట్టి వెంకటేశ్వరస్వామి తమకు అల్లుడు అని వాళ్ళ నమ్మకం. శ్రీశైలంలో, అహోబిలంలో, కడపలో మూడుచోట్లా దేవుడు మగవాడే. కానీ మూడుచోట్లా ఆయన మనకు చుట్టం అయ్యింది ఒక ఆడపిల్ల వల్ల. ఆ పిల్ల లేకుంటే ఆయన ఎవరో, మనం ఎవరో.

ఇప్పుడు నేను చూసిన ఒక సంగతి చెబుతాను. మా చెంచోళ్ళలో కొండ తేనె తీసేదానికి ఒక కట్టుబాటు ఉంది. తేనె తుట్టె కొండ చరియకు ఉంటుంది. నారతో పేనిన తాడు పట్టుకొని మనిషి పైనుంచి కిందికి దిగాల. పైన తాడు దగ్గర సొంత అన్నదమ్ములు ఉండరు, బావమరిది ఉంటాడు. ఎందుకంటే బావ పడితే తన అక్క బతుకే పోతుంది. అందుకని వాడు తాడు వదలడని నమ్మకం. ఇక్కడ కూడా నమ్మకానికి మూలం ఆడమనిషే.

నేను రెండో తరగతి చదివేటప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా నాయన అట్లా దిగినాడు. పైన మామ ఉన్నాడు. చిన్న తమ్ముణ్ణి ఎత్తుకొని అమ్మ, నేను దూరంగా చెట్టు కింద కూర్చున్నాము. పొగకు లేచిన ఈగలు మామ మొగం మీద పడినాయి. కండ్ల మీద కుట్టినాయి. మామ చేతులు సడలినాయి, తాడు జారింది. కిందనుంచి నాయన అరుపు వినబడింది. "చేదుకో మల్లన్నా! చేదుకో!"

శివరాత్రికి వెంకటాపురం మీదుగా నాగలూటి దారిన నడిచిపోయేవాళ్ళు కూడా ఇదే కేక వేస్తారు. చేదుకోవడం అంటే బావిలోనుంచి కడవను తాడుతో పైకి లాగినట్టు లాగడం. అందరూ కొండ ఎక్కుతూ అంటారు. మా నాయన నిజంగా తాడుకు వేలాడుతూ అన్నాడు.

అమ్మ తమ్ముణ్ణి నా ఒళ్ళో పడేసి ఉరికింది. బండకు కాళ్ళు తన్నిపెట్టి తాడు పట్టింది. జారుతున్న తాడు ఆమె చేతుల్లో ఆగింది. మామ కండ్లు మూసుకొనే మళ్ళా తడిమి తాడు పట్టినాడు. ఇద్దరూ చేదినారు. నాయన పైకి వచ్చి, శ్రీశైలం వైపు తిరిగి నేలమీద పడి మొక్కినాడు. లేచినాక అమ్మ చేతులు చూసినాడు. అరచేతుల్లో తోలు ఊడిపోయి రక్తం కారుతోంది. అమ్మ అప్పుడే దించిన తేనె తీసి పూసుకుంటోంది.

నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నేను మల్లన్నను పిలిస్తి" అన్నాడు.

"నాకు ఇనపడె గదా" అనింది అమ్మ.

ఆ పొద్దు నాకు ఈ మాట అర్థం కాలేదు. ఇప్పుడు, పాపను చూసినాక అర్థమయింది. తాడుకు వేలాడేవానికి పైన ఎవరున్నారో కనపడదు. తాడు బిగిసిందా, సడలిందా అనేది మాత్రమే తెలుస్తుంది. నాయన పిలిచిన పేరు ఒకటి, అందుకున్న చేయి ఇంకొకటి. తన పేరు పిలవలేదని అమ్మ తాడు వదల్లేదు. తమ్ముణ్ణి ఎత్తుకొనే మా అమ్మకే అంత మనసు ఉంటే, దేవునికి అంతకంటే తక్కువ ఉంటుందా? స్వామిని అమ్మా అన్నందుకు అలిగి, జ్వరం తగ్గించకుండా ఉంటాడా?

అట్లని దేవుడు ఆడమనిషే అని నేను అనను. మామ చేతులు కూడా ఆ తాడు మీద ఉన్నాయి. ఆయన కండ్లు మూడు రోజులు తెరుచుకోలేదు. తండ్రీ అని పిలిచేవాళ్ళు తండ్రీ అనే పిలవనీ. నాయన మంచివాడైన పిల్లకు ఆ మాటలో ధైర్యం ఉంటుంది. అమ్మ ఒక్కతే సాకిన పిల్లకు అమ్మా అనే మాటలో ఉంటుంది. పేరు దేవునికి గుర్తు కోసం కాదు, మనకు ధైర్యం కోసం అని నా అభిప్రాయము.

కొందరు అక్కలు, "అట్లయితే ఎవరు ఎట్ల పిలిచినా సరేనా? పద్ధతి వద్దా?" అన్నారు. పద్ధతి కావాల్సిందే. కానీ రోజూ పొద్దున మనం చదివే శ్లోకానికి అర్థం ఏమని సారు చెప్పినారు? తల్లి, తండ్రి ఇద్దరూ దేవుడే అని కదా. సంస్కృతంలో మనం అంటే భక్తి, తెలుగులో పాప అంటే నవ్వు. ఆ పాప తప్పు పిలవలేదు. మనం చదివిన దాని అర్థం మనకంటే ముందు ఆమెకే తెలిసింది.

పాప చెల్లెలికి జ్వరం తగ్గిందో లేదో ఇంకా కబురు రాలేదు. వార్డెన్ మేడం గారు ఫోన్ చేసి కనుక్కుంటామని చెప్పినారు. అందుకు వారికి కృతజ్ఞతలు. ఈ రాత్రి ప్రార్థనలో నేను పాప పక్కన నిలబడతాను. పాప అమ్మా అంటే నేనూ అమ్మా అంటాను. పాప పలకకపోతే ఆమె చెల్లెలి కోసం నేనే అడుగుతాను. మీలో ఎవరికైనా నవ్వు వస్తే నన్ను చూసి నవ్వండి, పాపను వదిలిపెట్టండి.

నేను రాసినదాంట్లో తప్పులు ఉంటే పెద్దలు మన్నించి సరిదిద్దవలెను.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి