కొండదారిలో ఒక పాఠం

మా తోటపల్లి గూడూరు నెల్లూరు జిల్లాలోని తీర మండలం. తూర్పున కోడూరు సముద్రతీరం, చుట్టూ వరిపొలాలు, రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు. కనుచూపు మేరలో ఒక్క కొండ కూడా లేదు. మదరసాలో పిల్లలకు 'నబా' సూరా బోధించేటప్పుడు, పర్వతాలను భూమికి మేకులుగా చేశానని అల్లాహ్ సెలవిచ్చిన చోటికి రాగానే, ఎవరో ఒక పిల్లవాడు "హజ్రత్, మీరు కొండను చూశారా?" అని అడుగుతాడు. "చూశాను" అని జవాబిచ్చేవాణ్ణి. అది బస్సు కిటికీలో నుంచి చూసిన చూపు మాత్రమే. నిజంగా కొండను చూసింది నిరుడు చలికాలంలో, నా యాభై నాలుగో యేట, సైకిల్ మీద. ఆ ప్రయాణం గురించి చెప్పాలంటే ముందుగా నా మనసులో చాలాకాలంగా దాగివున్న ఒక బాధను చెప్పాలి.

ఎనిమిదేళ్ళ క్రితం మా మదరసాలో పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడుండేవాడు. చురుకైన పిల్లవాడు. ఇల్లు నాలుగు కిలోమీటర్ల దూరం కావడంతో తరచూ ఆలస్యంగా వచ్చేవాడు. నేనే వాళ్ళ నాన్నను పిలిపించి, "భాయి, ఒక సైకిల్ కొనివ్వండి, పిల్లవాడి చదువు వెనుకబడుతోంది" అని చెప్పాను. ఆయన కూలి డబ్బులు కూడబెట్టి కొనిచ్చాడు. రెండు నెలలు తిరగక ముందే ఒక సాయంత్రం, అస్ర్ తర్వాత ఇంటికి పోతున్న ఆ పిల్లవాణ్ణి వెనుక నుంచి వచ్చిన లారీ ఢీకొన్నది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జనాజా నమాజు నేనే చేయించాను. ఆ తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నట్లయితే నా గుండె కొంత తేలికపడేదేమో.

ఇరవై ఏళ్ళుగా నేను తొక్కిన నా సైకిల్‌ను ఆ మరుసటి రోజే వసారాలో ఒక మూలకు చేర్చాను. అప్పటికి తొమ్మిదేళ్ళవాడైన నా కుమారుణ్ణి ఇక సైకిల్ ముట్టవద్దని ఆజ్ఞాపించాను. మింబర్ మీద నిలబడి విధివ్రాతను గురించి, సహనాన్ని గురించి ప్రసంగించేవాణ్ణి. ఇంట్లో మాత్రం ఆ పిల్లవాడి పేరు ఎవరు ఎత్తినా లేచి వెళ్ళిపోయేవాణ్ణి. దీనికి 'జాగ్రత్త' అని పేరు పెట్టుకున్నాను.

కాలం గడిచింది. నాకు చక్కెర వ్యాధి వచ్చింది. శరీరానికి శ్రమ ఉండాలని వైద్యుడు గట్టిగా చెప్పారు. నెల్లూరులో ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి ఒక రాత్రి భోజనాల దగ్గర మెల్లగా కదిపాడు. "అబ్బా, మళ్ళీ సైకిల్ తొక్కరాదూ?"

"ఆ రోడ్ల మీదనా?" అన్నాను.

"మీ కోపం సైకిల్ మీదా, లారీల మీదా? లారీలు లేని దారి దొరికితే?"

వాడు చాలా సంగతులు చదివి వచ్చాడు. నెదర్లాండ్స్ దేశం నేడు సైకిళ్ళకు పేరుపొందింది కదా, ఒకప్పుడు అక్కడా పరిస్థితి మనలాగే ఉండేదట. 1971లో ఆ చిన్న దేశంలో నాలుగు వందలకు పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి, పిల్లల హత్యలు ఆపాలని ఉద్యమించారు. ఆ దేశంలో సైకిళ్ళకు వేరే బాటలు ఏర్పడటానికి ఆ ఉద్యమం ఒక ముఖ్య కారణం. స్పెయిన్‌లో పాడుబడిన రైలు మార్గాలను 1993 నుంచి నడిచేవారికి, సైకిళ్ళకు బాటలుగా మార్చుతున్నారు. వాటిలో ఒకటి ఒకప్పుడు ఆలివ్ నూనెను మోసుకుపోయిన రైలుదారి. అందలూస్ కొండల నడుమ, జైతూన్ తోటల గుండా 128 కిలోమీటర్ల పొడవున, మోటారు వాహనం ఒక్కటీ లేకుండా సాగుతుంది. అందలూస్, జైతూన్ అనే మాటలు వినగానే నా ముఖం మెత్తబడటం వాడు గమనించే ఉంటాడు. మన హైదరాబాదులోనూ 2023లో వలయ రహదారి పక్కన, సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ బాటను ప్రారంభించారని చెప్పాడు.

"మనకు అటువంటిది ఎక్కడుంది?" అన్నాను.

"మన జిల్లా పడమటి అంచున వెలికొండలున్నాయి కదా. రాపూరు నుంచి చిట్వేలి పోయే ఘాట్ దారి. అది సైకిళ్ళ కోసమే వేసినది కాదు. కానీ తెల్లవారిన కొత్తలో వాహనాలు బహు తక్కువట. బస్సుల రాకపోకలు పెరిగేలోగా వెనక్కి వచ్చేద్దాం."

నేను వారం రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను. సైకిళ్ళను ట్రక్కు ఆటోలో వేసుకొని పొదలకూరు మీదుగా రాపూరు చేరి, బంధువుల ఇంట రాత్రి గడిపాము. ఈ కొండల్లోనే పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1997లో ప్రకటించిన ఆ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడినది. అందులో చిరుతలు, ఎలుగుబంట్లు ఉంటాయి. అందుచేత ఫజ్ర్ నమాజు చేసుకున్నా, వెలుగు బాగా వచ్చే వరకు ఆగాము. రోడ్డు దిగి అడవిలోకి పోకూడదని ముందే అనుకున్నాము. బ్రేకులు సరిచూసుకున్నాము. గాలి పంపు, పంక్చర్ సామాను, నీళ్ళు, ఖర్జూరాలు వెంట పెట్టుకున్నాము. చక్కెర వ్యాధి ఉన్నవారు శ్రమ చేసేటప్పుడు తీపి పదార్థం దగ్గర ఉంచుకోవడం అవసరం.

ఎక్కుడు మొదలైంది. అబ్బాయి స్నేహితుని దగ్గర అడిగి తెచ్చుకున్న గేర్ల సైకిల్ మీద సులువుగా పోతున్నాడు. నాది గేర్లు లేని పాత సైకిల్. ఎక్కలేని చోట దిగి నెట్టుకుంటూ నడిచాను. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నడిచినప్పుడే ఎక్కువ చూశాను. ఎర్రచందనం చెట్ల బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా చీలి ఉంటుంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ చెట్టు వెలికొండ, శేషాచలం, నల్లమల వంటి మన కొండల్లోనే పెరుగుతుంది. వెదురు పొదల్లో గాలి చప్పుడు, ఎక్కడో నెమలి కేక, మా సైకిల్ చైన్ల శబ్దం తప్ప మరేమీ లేదు. అబ్బాయి లెక్కపెట్టాడు. ఒక గంటన్నరలో రెండు మోటారు సైకిళ్ళు, ఒక జీపు మాత్రమే మమ్మల్ని దాటిపోయాయి.

మొదట్లో ప్రతి మలుపు దగ్గరా నా మెడ వెనక్కి తిరిగేది. ఎనిమిదేళ్ళ అలవాటు అది. ఆరేడు కిలోమీటర్లు పోయిన తర్వాత వెనక్కి చూడటం మానేశానని నాకే తెలిసింది. గాషియహ్ సూరాలో అల్లాహ్ ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, నేలను చూడమంటాడు. ముప్పై ఏళ్ళు ఆ మాటలను పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి, ఆ ఉదయం వాటిని పాటించాను.

ఒక మలుపులో బండరాయి మీద కూర్చున్నాము. పడమటి వైపు ఒక కొండ వెనుక మరొక కొండ. ఖర్జూరాలు తింటూ అబ్బాయి ఉన్నట్టుండి ఆ పిల్లవాడి పేరు పలికాడు.

"అబ్బా, వాడు నన్ను క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని కాలువ దాకా తీసుకుపోయేవాడు. మీకు తెలియదు. వాడు పోయిన తర్వాత నేను ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మీ దగ్గర వాడి పేరెత్తితే మీరు లేచిపోయేవారు."

నేను లేవలేదు. లేచిపోవడానికి అక్కడ వేరే గది లేదు. నా జాగ్రత్త తొమ్మిదేళ్ళ పిల్లవాడి దుఃఖానికి తలుపు మూసిందని అప్పుడు గానీ తెలియలేదు. సైకిల్ కొనివ్వమని చెప్పింది నేనేనని మొదటిసారి వాడితో చెప్పాను. వాడు నా చేతి మీద చేయి వేశాడు. ఇద్దరమూ ఆ పిల్లవాడి కోసం దుఆ చేశాము.

దిగుడులో రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టుకుంటూ నెమ్మదిగా వస్తుంటే నాకొక హదీసు జ్ఞాపకం వచ్చింది. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక విడిచిపెట్టి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టి ఆ తర్వాత భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును నేను ఎన్నిసార్లో చెప్పాను. నేను చేసిందేమిటి? మొదట, దారి ఎలాంటిదో విచారించకుండానే సైకిల్ కొనివ్వమన్నాను. అంటే ఒంటెను కట్టకుండా విడిచాను. ఆ తర్వాత భయపడి ఒంటెనే ఇంట్లో నుంచి వెళ్ళగొట్టాను. దారిని ఎంచుకోవడం, వేళను ఎంచుకోవడం, బ్రేకులు చూసుకోవడం, ఆ పైన అల్లాహ్‌ను నమ్మి బయలుదేరడం, ఈ మధ్యమార్గం నాకు ఆ కొండ మీద గానీ కనిపించలేదు.

ఊరికి వచ్చిన తర్వాత ఆ పిల్లవాడి తండ్రి ఇంటికి వెళ్ళాను. ఎనిమిదేళ్ళుగా దాచుకున్న మాట చెప్పి క్షమించమన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "హజ్రత్, మిమ్మల్ని నేనెన్నడూ తప్పు పట్టలేదు. కానీ మీరు మా గడప తొక్కడం మానేశారు. అదే మాకు బాధ" అన్నాడు. ఆ తర్వాత లోపలి వైపు చూసి, "చిన్నవాడు సైకిల్ కావాలంటున్నాడు. వాళ్ళమ్మ వద్దంటోంది. ఈసారి ఏం చేయమంటారు?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మూడు రోజులు గడువడిగి, మా అబ్బాయితో కలిసి పంటకాలువ గట్టు వెంట సైకిల్ మీద తిరిగి చూశాను. మదరసాకు అది ఒక కిలోమీటరు చుట్టు. కానీ లారీ రాలేదు. ఒక్కచోట మాత్రమే రోడ్డు దాటాలి. ఆ తర్వాత మస్జిదులో తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడాము. పిల్లలు గట్టు మీదుగా గుంపుగానే రావాలి, ముందొక పెద్ద పిల్లవాడు, వెనుకొకడు ఉండాలి. రోడ్డు దాటే చోట ఒక పెద్దమనిషి నిలబడాలి. చీకటి పడకముందే మదరసా వదలాలి. ప్రతి సైకిల్‌కూ వెనుక మెరిసే పట్టీ అంటించాలి. వానాకాలంలో గట్టు బురదవుతుంది. ఆ రోజుల్లో సైకిల్ ఇంట్లోనే ఉండాలి.

చిన్నవాడికి సైకిల్ వచ్చింది. వాళ్ళమ్మ ఇప్పటికీ సాయంత్రం గుమ్మంలోనే నిలబడి ఉంటుందట. నేను కూడా పిల్లలందరూ గట్టు ఎక్కేవరకు మదరసా వాకిట్లో నిలబడతాను. అల్లాహ్ మన బిడ్డలందరినీ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.